కాలనీ నాలా, ఊరి పంచాయతీ పైసలు: ఆన్‌లైన్‌ల ఎక్కడ రాస్తే లెక్కలకొస్తది?

హంటర్‌రోడ్డు_వాసి అడిగింది:

మా కాలనీ వాట్సాప్ గ్రూపుల రెండు వందల పైన మంది ఉన్నరు. వాన పడ్డప్పుడల్లా నాలా పొంగుతది, ఫొటోలు పెడ్తం, మంత్రిని, ఎమ్మెల్యేను, కమిషనర్‌ను ట్యాగ్ చేస్తం. లైకులొస్తయి. నీళ్లు ఇంకుతయి, అందరం మర్చిపోతం. పోర్టల్‌ల ఫిర్యాదు పెడితే మూడో రోజుకే ‘పరిష్కరించబడినది’ అని మెసేజ్ వస్తది, పూడిక మాత్రం అట్లనే ఉంటది.

నేను అడిగేది: ఫిర్యాదు ఉత్తగ మూసెయ్యకుండ ఎట్ల రాయాలె? నాలాకు మంజూరైన పైసలు ఏమైనయో సమాచార హక్కు కింద ఆన్‌లైన్‌ల అడగొచ్చా? కేంద్రం సైట్‌ల పెడితే దరఖాస్తు వాపస్ వచ్చింది, పది రూపాయలు పోయినయి. ఇంకోటి, నర్సంపేట దిక్కు మా ఊరి పంచాయతీ ఖర్చులు ఇక్కడ కూసునే చూడొచ్చంటున్నరు, నిజమేనా? అంతా అయినంక మొత్తుకునుడు కాకుండ, నిర్ణయం కాకముందే మన మాట చెప్పే దారి ఏదన్న ఉంటే అదీ చెప్పండి. పార్టీల లొల్లి వద్దు.

*

కాజీపేట_జంక్షన్:

మొదటి ప్రశ్నకు నా జవాబు. ఫిర్యాదు మూసేసేది మనిషి కాదు, పెండింగ్ లెక్క. ప్రతి ఆఫీసులో వారం వారం ‘ఎన్ని పెండింగ్’ అని పై నుంచి అడుగుతారు. మీరు రాసింది గాలి మాటైతే గాలి జవాబుతో మూసేయడం సులువు. అందుకే కాగితం మీద మూసేయడానికి వీల్లేకుండా రాయాలి.

ఇలా రాస్తే మూడో రోజుకే మూసుకుంటుంది: “మా కాలనీలో డ్రైనేజీ సమస్య తీవ్రంగా ఉంది. అధికారులు పట్టించుకోవడం లేదు. తగు చర్యలు తీసుకోగలరు.” దీనికి ‘సంబంధిత సిబ్బందికి సూచించడమైనది’ అంటే చాలు, జవాబు ఇచ్చినట్టే.

ఇలా రాయండి: “ఫలానా డివిజన్, ఫలానా కాలనీ రెండో వీధి, ఫలానా ఇంటి నంబరు ఎదుట కల్వర్టు కింద సుమారు 12 మీటర్ల పొడవున నాలాలో పూడిక ఉంది. కల్వర్టు తూము సగానికి పైగా మూసుకుపోయింది. పూడిక తీసి, తీసిన మట్టిని గట్టు మీద వదలకుండా తరలించాలి. పనికి ముందు, పని తర్వాత తీసిన ఫొటోలు జతచేసి సమాధానం ఇవ్వాలి.”

ఇందులో ‘గట్టు మీద వదలకుండా’ అన్న మాట చిన్నదే కానీ అసలు పని అదే. జేసీబీతో తీసిన పూడికను పక్కనే కుప్ప పోసి వెళ్లిపోతారు, తర్వాతి వానకు అది మళ్లీ నాలాలోకే జారుతుంది. ఫిర్యాదులో ఆ మాట లేకపోతే పని అయినట్టే లెక్క, మీరు రెండోసారి అడగడానికి పట్టు ఉండదు. పొడవు టేపుతో కొలవక్కర్లేదు, అడుగులు వేసి కొలిచినా చాలు. మనిషి మామూలు నడకలో రెండు అడుగులు వేస్తే దాదాపు మీటరున్నర.

ఒక ఫిర్యాదులో ఒకటే సంగతి పెట్టండి. నాలా, వీధిదీపం, కుక్కలు మూడూ కలిపి రాస్తే దీపం వెలిగించి మొత్తం మూసేస్తారు. ఫొటో తీసేటప్పుడు తేదీ, అక్షాంశ రేఖాంశాలు ఫొటో మీదే పడే కెమెరా యాప్ వాడండి. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి: వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో లోపల దాగి ఉండే లొకేషన్ వివరాలు పోతాయి, పైకి కనిపించే అచ్చు మాత్రమే మిగులుతుంది. అసలు ఫైలు తీసినవాళ్ల ఫోన్‌లో చెరపకుండా ఉంచాలి.

దానికంటే ముందు ఆ పని ఎవరిదో తేల్చుకోండి. వరంగల్‌లో సగం ఫిర్యాదులు చచ్చిపోయేది ఇక్కడే. హైదరాబాద్ నుంచి ములుగు వైపు పోయే 163వ నంబరు జాతీయ రహదారి కార్పొరేషన్‌ది కాదు. కొన్ని పెద్ద రోడ్లు ఆర్ అండ్ బీవి. చెరువు కట్ట, మత్తడి నీటిపారుదల శాఖవి. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్‌వి. రైలు వంతెన కింద నీళ్లు నిలిస్తే అందులో రైల్వే పాత్ర కూడా ఉండొచ్చు. పైగా నగరపాలక సంస్థ ఒకటే అయినా దాని కింద హనుమకొండ జిల్లా ఉంది, వరంగల్ జిల్లా ఉంది. కలెక్టరేట్‌కు వెళ్లాల్సి వస్తే మీ వీధి ఏ జిల్లాలోకి వస్తుందో చూసుకోవాలి. తప్పు ఆఫీసుకు పోయిన ఫిర్యాదు ‘మా పరిధి కాదు’ అన్న ముద్రతో మూసుకుంటుంది. ఆ ముద్ర కూడా పారేయకండి, రెండో ఆఫీసుకు రాసేటప్పుడు జత చేయడానికి పనికొస్తుంది.

కేంద్రం పరిధిలోని పనులకు (రైల్వే, జాతీయ రహదారి, తపాలా, బ్యాంకు, పీఎఫ్) సీపీగ్రామ్స్ పోర్టల్ ఉంది. 2024లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఫిర్యాదు తేల్చడానికి గడువు 21 రోజులు, అంతకుముందు 30 ఉండేది. మూసేశాక మిమ్మల్ని అభిప్రాయం అడుగుతారు. అక్కడ మొహమాటపడి ‘బాగుంది’ అని నొక్కితే తలుపు మూసుకుంటుంది. తృప్తి లేకపోతే ‘పూర్’ అనే నొక్కండి, అప్పుడే అప్పీలు గడి తెరుచుకుంటుంది. అప్పీలుకు 30 రోజుల గడువు. కోర్టులో ఉన్న విషయాలు, సమాచార హక్కు దరఖాస్తులు అందులో తీసుకోరు. రాష్ట్రం పని అందులో రాస్తే రాష్ట్రానికి పంపి వదిలేస్తారు, నెల రోజులు పోతాయి తప్ప లాభం లేదు.

రాష్ట్రం పనికి పోర్టల్‌లో వచ్చిన నంబరును, మూసేసిన మెసేజ్‌ను ప్రింట్ తీసుకుని సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి. ఒట్టి అర్జీ కంటే ‘ఫలానా తేదీన ఈ నంబరు ఫిర్యాదును పని చేయకుండా మూసేశారు’ అన్న అర్జీకి బరువెక్కువ.

*

చౌరస్తా:

అన్నా, మీరు ట్యాగ్‌లను మరీ తీసిపారేస్తున్నరు. ఎక్స్‌ల పెడితే అదే రోజు చెత్త బండి వచ్చిన సందర్భాలు లేవా ఏంది?

*

కాజీపేట_జంక్షన్:

ఉన్నాయి. చెత్త బండి, వీధిదీపం, విరిగిన మ్యాన్‌హోల్ మూత: ఇవి మంజూరు అక్కర్లేని పనులు. ఉన్న మనుషులతో, ఉన్న సామానుతో అయిపోతాయి. వాటికి ట్యాగ్ బాగానే పనిచేస్తుంది. కల్వర్టు వెడల్పు చేయాలంటే అంచనా వేయాలి, మంజూరు కావాలి, టెండరు పిలవాలి. ఆ పనికి వెయ్యి రీట్వీట్లు వచ్చినా ఫైలు పుట్టదు. ఫైలు పుట్టాలంటే నంబరు పడిన అర్జీ కావాలి. అందుకే ముందు నంబరు, తర్వాత ట్యాగ్. పోస్టులో ఫిర్యాదు నంబరు, తేదీ, ఒక్క ఫొటో పెట్టి ఒకే ఒక్క ఖాతాను ట్యాగ్ చేయండి. పది మందిని చేస్తే ఎవరికి వాళ్లు పక్కవాళ్లది అనుకుంటారు.

*

దస్త్రం:

సమాచార హక్కు గురించి నేను చెబుతా.

మీ పది రూపాయలు పోవడానికి కారణం సులువు. ఆర్‌టీఐ ఆన్‌లైన్ అనే ఆ సైట్ కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు మాత్రమే. రాష్ట్ర ఆఫీసుకు అందులో పెడితే రుసుము తిరిగి ఇవ్వకుండానే దరఖాస్తు వాపస్ చేస్తామని వాళ్ల నియమాల్లోనే ఉంది. చట్టంలో 6(3) సెక్షన్ ప్రకారం ఒక ఆఫీసుకు వచ్చిన దరఖాస్తును అయిదు రోజుల్లో అసలు ఆఫీసుకు బదిలీ చేయాలి నిజమే, కానీ ఆ సైట్‌లో దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

నాలా విషయానికి మామూలు కాగితమే మేలు. తెల్లకాగితం మీద ‘పౌర సమాచార అధికారి, ఫలానా కార్యాలయం’ అని హోదాకు రాయాలి, మనిషి పేరు అక్కర్లేదు. మన రాష్ట్రంలో రుసుము గ్రామ స్థాయి ఆఫీసుకు ఏమీ లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై ఆఫీసులకు 10. పోస్టల్ ఆర్డర్ జత చేసి దాని నంబరు దరఖాస్తులో రాయండి. లేకపోతే ‘రుసుము అందలేదు’ అన్న మాటతో వారం పోతుంది. తెల్లరేషన్ కార్డు కుటుంబాలకు రుసుము మినహాయింపు ఉంది, కార్డు నకలు పెడితే చాలు. స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు చూపే ట్రాకింగ్ పేజీని అప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోండి. 30 రోజుల లెక్క వాళ్లకు అందిన రోజు నుంచి మొదలవుతుంది, మీరు పోస్టు చేసిన రోజు నుంచి కాదు.

ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు, 6(2) చూడండి. చాలామంది అరపేజీ బాధంతా రాసి చివర ఒక ప్రశ్న అడుగుతారు. ఆ అరపేజీ తీసేయండి.

ఇంక అసలు సంగతి, ప్రశ్నలు ఎట్లా వేయాలి అన్నది. చట్టం ఇచ్చేది ఆఫీసులో ఇప్పటికే ఉన్న కాగితాన్ని. కొత్తగా ఆలోచించి జవాబు రాయమని అడగలేం. 2011లో సుప్రీంకోర్టు సీబీఎస్ఈ కేసులో ఈ మాట స్పష్టంగా చెప్పింది. కాబట్టి ‘నాలా ఎందుకు బాగు చేయలేదు?’ అంటే ‘ఇది సమాచారం కిందకు రాదు’ అని రెండు వాక్యాల్లో తోసేస్తారు. కాగితం పేరు పెట్టి అడగాలి. ఇంజినీరింగ్ పనికి ఉండే కాగితాలు ఇవి: అంచనా పత్రం, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, ఒప్పందం, పని అప్పగింత ఉత్తర్వు, కొలతల పుస్తకం (ఆఫీసులో ఎం-బుక్ అంటారు), నాణ్యత పరీక్ష నివేదిక, చెల్లించిన బిల్లులు. వీటిల్లో ఒక్కటే అడగాలంటే ఎం-బుక్ నకలు అడగండి. ఎన్ని మీటర్లు, ఎంత లోతు, ఎన్ని ఘనపు మీటర్ల పూడిక తీశామని వాళ్లే సంతకం పెట్టిన లెక్క అందులో ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని నాలా దగ్గర నిలబడితే చాలు, మిగతా ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

నకళ్లు ఏ-4 పేజీకి 2 రూపాయలు. వందల పేజీలవుతాయని బెదిరిస్తే భయపడకండి, 2(జె) కింద ‘దస్త్రాలు తనిఖీ చేస్తాను’ అని అడగండి. మొదటి గంట ఉచితం. కావాల్సిన పేజీలకు మాత్రమే గుర్తు పెట్టి నకలు తీసుకోండి. అదే సెక్షన్ కింద వాడిన సామగ్రి నమూనా కూడా అడగొచ్చు, సీసీ రోడ్ల విషయంలో ఇది బాగా పనికొస్తుంది.

30 రోజులు దాటితే 7(6) కింద సమాచారం ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకున్నా, సగమే వచ్చినా 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఆలస్యానికి రోజుకు 250 చొప్పున, 25 వేలు మించకుండా అధికారి మీద జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. అయితే కమిషన్ దగ్గర వరస చాలా పెద్దది. జరిమానా పడుతుందన్న ఆశతో దరఖాస్తు పెట్టేవాళ్లు అలసిపోతారు. మొదటి అప్పీలు దగ్గరే కాగితం రాబట్టుకునేలా ప్రశ్న కుదించండి.

ఒక జాగ్రత్త. వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన 8(1)(జె) సెక్షన్‌ను డేటా రక్షణ చట్టంతో మార్చారు, మునుపటి కంటే బిగుసుకుంది. కాబట్టి ‘ఫలానా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సెలవులు, ఆస్తులు’ వంటి ప్రశ్నలు కలపకండి. ఆ ఒక్క ప్రశ్న సాకుతో మొత్తం దరఖాస్తు తిరిగొస్తుంది. పనిని అడగండి, మనిషిని కాదు.

*

పాకాల_గట్టు:

ఊరి లెక్కలు ఇంట్ల కూసుని చూడొచ్చు, నిజమే. ఈ-గ్రామ్‌స్వరాజ్ అని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ సైట్, 2020 ఏప్రిల్ 24న మొదలైంది. ఫోన్‌ల అయితే ‘మేరీ పంచాయత్’ యాప్. ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామ పంచాయతీ వరసగా ఎంచుకుంటే ఆ యేటి ప్రణాళికల ఏ పనులు రాసుకున్నరు, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది కనపడ్తది.

ఆగమయ్యేది ఎక్కడంటే ఊరి పేరు దగ్గర. పేర్లు ఇంగ్లీషు అక్షరాలల్ల ఉంటయి, మనం పలికినట్టు ఉండయి. అసలు పల్లె ఒకటి, తండా ఇంకోటి, ఒకే తీరు పేర్లు రెండు మూడు మండలాలల్ల ఉంటయి. 2018ల తండాలు, గూడేలు కొత్త పంచాయతీలు అయినయి కదా, వాటి పాత లెక్కలు అసలు పంచాయతీ పేరు మీదనే దొరుకుతయి. జిల్లా పేర్లు కూడ మారినయి, 2021ల వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. నర్సంపేట ఇప్పుడు వరంగల్ జిల్లా కిందికే వస్తది. పంచాయతీకి ఒక కోడ్ నంబరు ఉంటది, ఒక్కసారి దొరికితే రాసిపెట్టుకోండి.

రెండోది, అండ్ల కనపడేది ముఖ్యంగ ఆర్థిక సంఘం పైసలు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటుల (2021-22 నుంచి 2025-26 దాకా) 60 శాతం తాగునీళ్లకు, పారిశుద్ధ్యానికే పెట్టాలె, మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి. జీతాలకు ఆ పైసలు వాడరాదు. ఇంటి పన్ను, నల్లా బిల్లు, రాష్ట్రం ఇచ్చే పైసలు అండ్ల పూర్తిగ కనపడకపోవచ్చు. కాబట్టి ‘మా ఊరికి ఇంతేనా వచ్చింది’ అని సర్పంచ్ మీదికి పోకండి.

ఇంకో మాట చెప్పకపోతే లొల్లయితది. 2024 ఫిబ్రవరి మొదట్ల పాలకవర్గాల గడువు అయిపోయింది, మళ్ల ఎన్నికలు 2025 డిసెంబర్‌ల అయినయి. నడుమ అంతా ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం గ్రాంట్లు ఆపుతది. ఆ రెండేండ్లు మీ ఊరి పేరు మీద వసూలు గడి ఖాళీగ కనపడితే ఎవరో మింగిండ్రని వాట్సాప్‌ల పెట్టకండి, అసలు కారణం ఇది.

అనుమానం ఎక్కడ పడాలెనంటే, ఒకే పనికి రెండేండ్లు వరసగ పైసలు పడ్డప్పుడు, ‘మోటారు రిపేరు’ అని నెలకోసారి రాసినప్పుడు, బ్లీచింగ్ పౌడర్ బిల్లు ఎండాకాలం కూడ వానాకాలం అంతనే ఉన్నప్పుడు. ఇవన్నీ తప్పే అని కాదు, అడగదగ్గ లెక్కలు. వోచర్ చూపేది పైసలు ఎవరికి పోయినయి అన్నదే, పని అయిందా లేదా అన్నది చూపదు. ఆ పేజీ ప్రింటు తీసుకుని గ్రామసభల లేచి చదవాలె, తీర్మానాల పుస్తకంల మీ ప్రశ్న రాయించాలె. గ్రామసభల రాయించింది గట్టిగ నిలుస్తది. ఫోన్‌ల చూసి ఊకుంటే చూసినట్టే లేదు. ఊర్లె ఉన్న సోపతిగాళ్లకో, తమ్మునికో ఆ ప్రింటు పంపండి, మీరే రావాలెనని లేదు.

*

నక్కలగుట్ట:

‘నిర్ణయం కాకముందే చెప్పే దారి’ అని అడిగారు కదా, అందరూ దాటేశారు. నా లెక్కలో అన్నిటికంటే పదునైన దారి కరెంటు చార్జీల బహిరంగ విచారణ. మనలో వెయ్యికొకరు కూడా వాడరు.

ఉత్తర తెలంగాణకు కరెంటు ఇచ్చే ఎన్‌పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం ఇక్కడే హనుమకొండలో ఉంది. ఆ సంస్థ తనంతట తాను చార్జీ పెంచలేదు. రాబోయే ఏడాది ఆదాయం, ఖర్చుల లెక్కతో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి (ఈఆర్‌సీ) ప్రతిపాదన ఇవ్వాలి. మామూలుగా నవంబర్ 30 దీనికి గడువు, అప్పుడప్పుడు వాయిదా అడుగుతారు. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం దాన్ని జనం ముందు ప్రకటించాలి, వచ్చిన అభ్యంతరాలన్నీ పరిశీలించి మండలి 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి.

ఇక్కడున్న తేడా చూడండి. మీరు రాసిన అభ్యంతరానికి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) జవాబు రాసి తీరాలి. చివరి ఉత్తర్వులో అభ్యంతరం, డిస్కం సమాధానం, మండలి అభిప్రాయం మూడూ ఒకదాని కింద ఒకటి అచ్చవుతాయి. ప్రభుత్వం నడిపే వ్యవస్థల్లో మామూలు మనిషి రాసిన మాటకు ఇంత లెక్క ఉన్న చోటు మరొకటి నాకు కనిపించలేదు.

పద్ధతి: ప్రతిపాదన పీడీఎఫ్‌లు మండలి సైట్‌లో, డిస్కం సైట్‌లో రెండింట్లోనూ పెడతారు. వందల పేజీలుంటాయి, అన్నీ చదవక్కర్లేదు. మీకు సంబంధించిన పట్టిక ఒక్కటి పట్టుకోండి. అభ్యంతరం మీద పేరు, చిరునామా, ప్రతిపాదన నంబరు రాసి మండలి కార్యదర్శికి ఒక ప్రతి, డిస్కంకు ఒక ప్రతి పంపాలి. డిస్కంకు పంపినట్టు రుజువు జత చేయాలి. చాలామంది ఇది మర్చిపోయి మండలికి మాత్రమే మెయిల్ కొడతారు, అప్పుడు జవాబు రాసేవాళ్ల చేతికి అది చేరదు. విచారణలో మాట్లాడాలనుకుంటే ఆ మాట కూడా అందులోనే రాయాలి. చివరి తేదీ పత్రికా ప్రకటనలో ఉంటుంది, ఒక్క రోజు దాటినా పక్కన పెడతారు.

ఏం రాయాలి? ‘చార్జీలు పెంచి పేదల నడ్డి విరవొద్దు’ అంటే వాళ్ల జవాబు ‘గౌరవ సలహా గమనించడమైనది’. బదులుగా ఇలా రాయొచ్చు: “ఫలానా పేజీ, ఫలానా పట్టికలో వ్యవసాయ వినియోగం ఇన్ని మిలియన్ యూనిట్లు అని చూపారు. పంపుసెట్లకు మీటర్లు లేవు కాబట్టి ఇది నమూనా ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్ల నుంచి కట్టిన అంచనా. మా సర్కిల్‌లో ఎన్ని నమూనా మీటర్లున్నాయి, వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయి, నెలవారీ రీడింగులు ఇవ్వండి.” వ్యవసాయం కింద ఎక్కువ చూపితే అంత మేరకు లైన్ల నష్టాలు తక్కువ కనిపిస్తాయి. అందుకే ఈ ప్రశ్నకు దీటుగా జవాబు చెప్పక తప్పదు.

బొగ్గు గనుల ప్రాంతం వాళ్లకు ఇలాంటిదే ఇంకోటుంది. భూపాలపల్లి, రామగుండం, మంచిర్యాల దిక్కు సింగరేణి కొత్త గని తెరవాలన్నా విస్తరించాలన్నా, 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం చాలా ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు, కాలుష్య నియంత్రణ మండలి సైట్‌లో నివేదిక సారాంశం, అదీ స్థానిక భాషలో కూడా. సభకు వెళ్లలేనివాళ్లు రాతపూర్వకంగా పంపొచ్చు. సారాంశం చదివి ఆగిపోకండి, పూర్తి నివేదికలో బావుల నీటిమట్టం పట్టికను మీ ఊరి బావితో పోల్చి చూడండి. ఏ నెలలో కొలిచారో మొదట చూడాలి. వానలు పడ్డాక కొలిస్తే ఏ బావైనా నిండుగానే ఉంటుంది.

*

హంటర్‌రోడ్డు_వాసి:

మస్తు సంగతులు. ఒక్క భయం ఉంది: ఇట్ల పేరు, చిరునామా పెట్టి రాస్తే అవి బయట పడయా? గ్రూపుల ఉన్న ఆడోళ్లు అదే అడుగుతున్నరు. ఆన్‌లైన్ సంతకాల పిటిషన్ అయితే నడుస్తదా?

*

నక్కలగుట్ట:

బయటపడొచ్చు, అది తెలుసుకునే రాయాలి. 2015లో ఇంటర్నెట్ సమానత్వం మీద టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే పది లక్షలకు పైగా మెయిళ్లు వచ్చాయి. అవన్నీ పంపినవాళ్ల మెయిల్ ఐడీలతో సహా సైట్‌లో పెట్టేసింది. పెద్ద గోల అయింది. అయితే ఆ మెయిళ్లు వృథా పోలేదు, 2016 ఫిబ్రవరి 8న ఒక్కో సైట్‌కు ఒక్కో రేటు పెట్టకూడదని నిబంధన వచ్చింది. కాబట్టి ఇలాంటి పనులకు విడిగా ఒక మెయిల్ ఐడీ తెరుచుకోండి. ఆధార్ నంబరు ఎక్కడా రాయకండి, ఈ పనుల్లో వేటికీ అది అక్కర్లేదు. ఆడవాళ్ల ఫోన్ నంబర్లు పెట్టకుండా కాలనీ సంక్షేమ సంఘం లెటర్‌హెడ్ మీద సంఘం పేరుతోనే అభ్యంతరం పంపొచ్చు.

సంతకాల సైట్ పిటిషన్‌కు ఏ ఆఫీసులోనూ నంబరు పడదు, జవాబు చెప్పాల్సిన గడువూ లేదు. పత్రికలవాళ్ల కంట పడడానికి మాత్రం పనికొస్తుంది.

*

భాగం_సంఖ్య:

ఓటరు జాబితా ఎవరూ తియ్యలేదు కాబట్టి ఒక పేరా. కొత్త పేరుకు ఫారం 6, తొలగింపుకు 7, చిరునామా మార్పుకు, తప్పుల సవరణకు 8. ఇల్లు మారినవాళ్లు మళ్లీ ఫారం 6 నింపడం వల్ల రెండు చోట్ల పేర్లు పడతాయి, తర్వాత తిప్పలు. 18 నిండడానికి ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు నాలుగూ లెక్కే, జనవరి ఒక్కటే కాదు. ముఖ్యమైనది: మీ పేరు తీసేయమని ఎవరైనా ఫారం 7 పెడితే ఆ అభ్యంతరాల జాబితాను ఫారం 10 పేరిట ప్రకటిస్తారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి సైట్‌లో మీ నియోజకవర్గం (వరంగల్ పశ్చిమ 105, తూర్పు 106) ఎంచుకుని వారానికోసారి చూస్తే, పోలింగ్ రోజు పేరు లేదని ఏడ్వక్కర్లేదు. మీ పేరు తీసేస్తే 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి అప్పీలు. అబద్ధపు డిక్లరేషన్‌కు ఏడాది దాకా జైలు ఉంది, 1950 చట్టం 31వ సెక్షన్.

ఇక ఎన్నికల వేళ డబ్బులు, మందు పంచితే సీ-విజిల్ యాప్. అందులోనే ఫొటో తీయాలి లేదా రెండు నిమిషాల లోపు వీడియో తీయాలి, గ్యాలరీలో ఉన్నది ఎక్కదు. తీశాక అయిదు నిమిషాల్లో పంపకపోతే పోతుంది. పేరు చెప్పకుండా పంపొచ్చు, కానీ అప్పుడు ఏమైందో మీకు తెలియదు. అది అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకే. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం జరుపుతుంది, వాటికి సీ-విజిల్ తెరిచి కూర్చుంటే లాభం లేదు.

*

హంటర్‌రోడ్డు_వాసి:

దస్త్రం సారు, దరఖాస్తు ఇట్ల రాసిన, ఒకసారి చూడండి.

“1. ఫలానా నాలా పూడికతీతకు గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఇచ్చిన పని అప్పగింత ఉత్తర్వుల నకళ్లు. 2. ఆ పనుల కొలతల పుస్తకం సంబంధిత పేజీల నకళ్లు. 3. పూడిక తీసిన నెలకే మళ్లీ ఎందుకు నిండిందో తెలపగలరు. 4. చెల్లించిన బిల్లుల నకళ్లు.”

*

దస్త్రం:

మూడోది తీసేయండి. దాని చోట ‘తీసిన పూడికను ఎక్కడికి, ఎన్ని ట్రిప్పుల్లో తరలించారో చూపే రికార్డు నకళ్లు’ అని రాయండి. అటువంటి రికార్డే లేదని జవాబొస్తే అదీ మీకు పనికొచ్చే కాగితమే, ప్రజావాణికి అదే పట్టుకుపోండి. ‘గత మూడు సంవత్సరాలు’ అనకుండా ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకానో అంకెల్లో వేయండి. నాలా ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది కూడా రాయండి, లేకపోతే పై బిట్టు కాగితాలిచ్చి పంపిస్తారు.